ట్రైలరు లాగే డ్యూలీ పికప్‌కు పెద్ద టైర్లు: ముందు సందు కొలవండి, తర్వాతే ఎత్తు

అమెరికాలో వెనక ఇరుసుకు నాలుగు చక్రాలు, ముందు రెండు చక్రాలు ఉండే పికప్‌ను డ్యూలీ అంటారు. ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500, షెవ్రొలే సిల్వరాడో 3500 ట్రక్కులు ఈ రూపంలో కూడా వస్తాయి. వెనక తొట్టిలోనే, అంటే బెడ్డులోనే తగిలించే గూస్‌నెక్, ఫిఫ్త్‌వీల్ ట్రైలర్లు లాగేవారు వీటిని ఎక్కువగా వాడతారు. డల్లాస్ చుట్టుపక్కల కొంత పొలం కొని, వారాంతాల్లో ట్రాక్టరో గడ్డిచుట్టలో మోసుకెళ్లే తెలుగువారికి ఈ బండి కొత్త కాదు. చాలామందికి కొన్నాళ్లు నడిపాక ఒకే కోరిక పుడుతుంది: టైర్లు ఇంకొంచెం పెద్దవైతే పొలం దారిలో గాడి పడిన చోట వెనక ఇరుసు నేలకు తగలదు కదా అని. నాకూ ఆ కోరికే పుట్టింది. మొదటిసారి పొరపాటు చేశాను, రెండోసారి సరిగా చేశాను. ఈ మార్గదర్శి ఆ రెండో విధానం గురించి. లెక్కలన్నీ ఎనిమిది నట్ల ఎఫ్-350 డ్యూలీకి చెందినవి. పద్ధతి మాత్రం ఏ డ్యూలీకైనా పనికొస్తుంది.

ముందుగా ఆ పొరపాటు సంగతి. బండితో వచ్చిన టైర్లు ఎల్‌టీ245/75ఆర్17. ఒక దుకాణంలో ఎల్‌టీ265/70ఆర్17 మడ్ టైర్లు ఆరు చూపించి, ఇవి "ఒక సైజు పెద్దవి" అన్నారు, నేను బిగించుకున్నాను. ఖాళీ బండికి అంతా బాగానే ఉంది. ట్రైలరు తగిలించి ఐ-35 హైవే మీద వేకో ఊరు దాటాక ఇంధనం కోసం ఆగినప్పుడు కాలిన రబ్బరు వాసన వచ్చింది. వంగి చూస్తే వెనక కుడివైపు లోపలి టైరూ బయటి టైరూ ఒకదానినొకటి ఒరుసుకుని, సైడ్‌వాల్ మీద ఉబ్బెత్తు అక్షరాలు సగం చెరిగిపోయి, రెండు వేళ్ల వెడల్పున నున్నటి మెరిసే పట్టీ ఏర్పడింది. రిమ్ము మీద నల్లటి రబ్బరు పొడి పేరుకుంది. ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క వేస్తే తెలిసిన విషయం మరింత సిగ్గుపడాల్సినది: ఆ టైరు వ్యాసం పాతదానికంటే 3.5 మిల్లీమీటర్లే ఎక్కువ, వెడల్పు మాత్రం 20 మిల్లీమీటర్లు ఎక్కువ. ఏ ఎత్తు కోసం డబ్బు పెట్టానో అది రాలేదు, ఏ సందు కాపాడుకోవాలో అది పోయింది.

టైరు మీది అంకెలను లెక్కలోకి మార్చుకోవడం

ఎల్‌టీ245/75ఆర్17 అన్నప్పుడు ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు టైరు, 245 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 75 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, 17 అనేది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 245లో 75 శాతం 183.75. దాన్ని రెండింతలు చేసి, 17 అంగుళాలకు సమానమైన 431.8 కలిపితే 799.3 మిల్లీమీటర్లు, అంటే 31.5 అంగుళాల వ్యాసం వస్తుంది. ఇదే లెక్కన ఎల్‌టీ265/70ఆర్17 వ్యాసం 802.8 మిల్లీమీటర్లు. ఎల్‌టీ255/80ఆర్17 వ్యాసం 839.8 మిల్లీమీటర్లు, అంటే 33 అంగుళాలు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే డ్యూలీకి ఎలాంటి టైరు కావాలో అర్థమవుతుంది. 255/80 టైరు వెడల్పులో 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరిగి, వ్యాసంలో 40 మిల్లీమీటర్లు పెరిగింది. ఇది పొడుగ్గా, సన్నగా ఉండే టైరు. నాలుగు చక్రాల బండ్లవాళ్లు ముచ్చటపడే లావు టైర్లు జంట చక్రాలకు సరిపోవు. అయితే ఒక నిజం ముందే ఒప్పుకోవాలి. వ్యాసం 40 మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు పైకి లేచేది అందులో సగమే, అంటే 20 మిల్లీమీటర్లు. బొటనవేలి వెడల్పు అంత. మీ పొలం దారిలోని గాడి జానెడు లోతుంటే ఈ ఖర్చు దండగ. దానికి గ్రేడరు పిలిపించి దారి చదును చేయించడమే మేలు.

కాటా వేయించడం

టైర్ల దుకాణానికి వెళ్లే ముందు కాటాకు వెళ్లాలి. హైవేల పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద బండినీ ట్రైలరునూ, మీరు నిజంగా లాగే బరువుతో, డీజిల్ నిండుగా, ఇంట్లోవాళ్లు కూర్చుని ఉండగా నిలబెట్టాలి. చీటీలో ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలరు ఇరుసుల బరువులు విడివిడిగా వస్తాయి. నా చీటీలో ముందు 5,200 పౌండ్లు, వెనక 8,460 పౌండ్లు, ట్రైలరు 11,900 పౌండ్లు అని ఉంది. బండి మీద పడే మొత్తం 13,660 పౌండ్లు. ఎఫ్-350 డ్యూలీ తలుపు మీద రాసి ఉండే 14,000 పౌండ్ల పరిమితికి లోపలే ఉంది, కానీ చాలా దగ్గరగా ఉంది.

ఈ అంకెలను టైరు సామర్థ్యంతో పోల్చాలి. టైరు పక్కన 121/118 అని ఉంటే, ఒంటరిగా బిగించినప్పుడు అది 1,450 కిలోలు, అంటే 3,195 పౌండ్లు మోస్తుంది. జంటగా బిగించినప్పుడు 1,320 కిలోలు, అంటే 2,910 పౌండ్లే మోస్తుంది. జంటలో తక్కువ ఎందుకంటే రెండు టైర్లు బరువును ఎప్పుడూ సరిసమానంగా పంచుకోవు. రోడ్డు మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది, ఒక టైరు కొద్దిగా ఎక్కువ అరిగి ఉంటుంది, లోపలి టైరుకు గాలి సరిగా తగలక వేడెక్కుతుంది. నా వెనక ఇరుసు 8,460ని నాలుగుతో భాగిస్తే టైరుకు 2,115 పౌండ్లు. 2,910తో పోలిస్తే తగినంత మిగులు ఉంది.

ఇక్కడే చాలామంది మోసపోయే చోటు ఉంది. టైరు బలాన్ని చెప్పే తరగతుల్లో 10 ప్లైలో, అంటే లోడ్ రేంజ్ ఈలో, 245/75ఆర్17కూ 265/70ఆర్17కూ 255/80ఆర్17కూ సాధారణంగా అదే 121/118 సామర్థ్యం. టైరు పెద్దదైనంత మాత్రాన బండి ఎక్కువ మోయదు. తలుపు మీది పరిమితి ఇరుసును, స్ప్రింగులను, బ్రేకులను, రిమ్ములను బట్టి కంపెనీ నిర్ణయించినది, దాన్ని టైరు మార్చదు. కొన్ని పెద్ద సైజులు తక్కువ లోడ్ రేంజ్‌లో కూడా అమ్ముడవుతాయి కాబట్టి సైజు ఒక్కటే చూసి ఆర్డరు ఇవ్వకుండా ఆ 121/118ను కళ్లతో చూసి కొనాలి. నిజంగా మోసే బలమే ఎక్కువ కావాలంటే దారి వేరు. ఎఫ్-450 పికప్‌కు వచ్చే 225/70ఆర్19.5 టైరు లోడ్ రేంజ్ జీలో 110 పీఎస్‌ఐ గాలితో జంటలో 3,750 పౌండ్లు మోస్తుంది. కానీ ఆ బండి పది నట్ల చక్రం ఎఫ్-350లో చక్రం బిగించే ఎనిమిది నట్ల హబ్బుకు ఎక్కదు. బయటి కంపెనీలు చేసే ఎనిమిది నట్ల 19.5 రిమ్ములు వెతుక్కోవాలి. ఖాళీ బండిలో కుదుపు భరించాలి.

జంట టైర్ల మధ్య సందు

ఈ పని మొత్తంలో తొందరపడకూడని చోటు ఇదొక్కటే. లోపలి రిమ్మూ బయటి రిమ్మూ ఒకదాని వీపు ఒకటి ఆనుకుని హబ్బుకు బిగుస్తాయి. రిమ్ము నడిమి గీత నుంచి అది ఆనే ముఖం వరకు ఉండే దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. రెండు టైర్ల నడిమి గీతల మధ్య దూరం దానికి రెండింతలు. ఆ దూరంలోంచి ఒక టైరు వెడల్పు తీసేస్తే మిగిలేదే సందు. రిమ్ములు మార్చకుండా టైరు వెడల్పును 10 మిల్లీమీటర్లు పెంచితే సందు సరిగ్గా 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది, ఎందుకంటే రెండు టైర్లూ చెరో 5 మిల్లీమీటర్లు ఎదురెదురుగా జరుగుతాయి.

వెడల్పు అనే అంకెలోనూ మెలిక ఉంది. తయారీదారు పట్టికలో ఇచ్చే వెడల్పు ఒక నిర్ణీత రిమ్ము మీద కొలిచినది. రిమ్ము అర అంగుళం సన్నబడితే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. కాబట్టి పాత టైరుకూ కొత్త టైరుకూ పట్టికలోని కొలత రిమ్ము ఏదో చూసి, రెండింటినీ మీ 6.5 అంగుళాల రిమ్ముకు తగ్గించి పోల్చాలి. అదే పట్టికలో ఆ టైరుకు అనుమతించిన రిమ్ము వెడల్పులు కూడా ఉంటాయి. నేను మొదట కొన్న 265/70ఆర్17కు ఆ పట్టిక 7 అంగుళాల దగ్గర మొదలవుతుంది, నా రిమ్ము 6.5. అంటే సందు సంగతి ఎలా ఉన్నా అసలు ఆ టైరు ఆ రిమ్ము మీద ఎక్కకూడదు. 255/80ఆర్17కు సాధారణంగా 6.5 నుంచి అనుమతి ఉంటుంది. మీరు కొనే బ్రాండు పట్టికలో ఇది సరిచూసుకోవాలి, రిమ్ము లోపలి వైపు పోత పోసిన అంకెతో పోల్చుకోవాలి. మడ్ టైర్లలో భుజాల మీద పొడుచుకొచ్చే దిమ్మలు ఈ వెడల్పు లెక్కలోకి రాకపోవచ్చు. అందుకే ట్రైలరు లాగే బండికి నేను వాటిని ఇక ఎంచుకోను.

కాగితం మీది సందు ఖాళీ బండి సందు. బరువు పడినప్పుడు టైరు నేలను తాకేచోట పక్కకు ఉబ్బుతుంది, టైర్లు ఒరుసుకునేది అక్కడే. అందువల్ల ఇప్పుడున్న పాత టైర్లతోనే, ట్రైలరును పూర్తి బరువుతో తగిలించి, కింద సందు ఎంత మిగిలిందో కొలవాలి. చేయి దూరని ఆ చోట కొలవడానికి పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి చక్కగా పనికొస్తుంది. రెండు టైర్ల మధ్య, నేలకు కొంచెం పైన, రెండు పక్కగోడలకూ అతుక్కునేలా ముద్ద పెట్టి, ఇంకొకరిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, బండిని ఆ ముద్ద నేలను దాటి అవతలి వైపు పైకి వచ్చేంత దూరం మాత్రమే కదిలించాలి. ముద్ద నేలమట్టానికి వచ్చినప్పుడు ఎంతగా నొక్కుకుపోయిందో, బయటికి తీశాక దాని అతి పలుచని చోటు చెబుతుంది. ఉదాహరణకు పాత టైర్లతో అక్కడ 30 మిల్లీమీటర్లు వస్తే, 10 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పున్న కొత్త టైరుతో 20 మిగులుతుంది. 265తో 10 మాత్రమే. ఆ 10 మిల్లీమీటర్లు కూడా ఒక టైరులో గాలి కాస్త తగ్గగానే మాయమవుతాయి. నా బండిలో ఆ రోజు లోపలి టైరులో గాలి తక్కువగా ఉన్నట్టు తర్వాత తెలిసింది.

ఎంత మిగిలితే చాలు అన్నదానికి జవాబు టైరు తయారీదారు ఇచ్చే కనీస జంట దూరం. ట్రక్కు టైర్ల పట్టికల్లో ఇది ప్రతి సైజు ఎదుటా ఉంటుంది. నడిమి గీత నుంచి నడిమి గీతకు మీ రిమ్ములు ఇచ్చే దూరం దానికంటే తక్కువైతే ఆ టైరును వదిలేయాలి.

సందు చాలకపోతే రెండు రిమ్ముల మధ్య స్పేసరు పళ్లెం పెట్టమని సలహా ఇచ్చేవారు ఉంటారు. పళ్లెం మందం ఎంతో, నట్టు ఎక్కే బోల్టు అయిన స్టడ్డు మీద నట్టుకు దొరికే మరలు అంత తగ్గుతాయి, బయటి చక్రం హబ్బు మెడ మీద కూర్చుని మధ్యకు సర్దుకునే పట్టు కూడా పోవచ్చు. 12,000 పౌండ్లు లాగే బండిలో ఈ రెండింటితోనూ ఆటలాడాలని నాకు లేదు. ఎక్కువ ఆఫ్‌సెట్ ఉన్న ఆరు రిమ్ములు కొనడం ఖరీదైనా సరైన పరిష్కారం. కానీ అప్పుడు లోపలి టైరు కమాన్ పట్టీల వైపు, బయటి టైరు మడ్‌గార్డ్ బయటికి జరుగుతాయని గుర్తుంచుకుని అక్కడ కూడా కొలవాలి. రిమ్ములు కొనేటప్పుడు నట్ల వలయం కొలత తప్పకూడదు. 2005 నుంచి ఎఫ్-350 డ్యూలీది 200 మిల్లీమీటర్ల వలయం, వెనక ఒంటి చక్రాల ఎఫ్-350ది 170, 2011 నుంచి షెవ్రొలే డ్యూలీది 210. దేనికీ మరొకటి ఎక్కదు.

ముందు చక్రాలు, స్టెప్నీ

ముందు చక్రాల దగ్గర స్టీరింగును రెండు కొసలకూ తిప్పి, టైరుకూ రేడియస్ ఆర్మ్‌కూ, యాంటీ రోల్ బారుకూ, బంపరు వెనక ప్లాస్టిక్ తొడుగుకూ మధ్య ఎంత జాగా ఉందో చూడాలి. కొత్త టైరు చుట్టూ 20 మిల్లీమీటర్లు పెద్దది కాబట్టి జాగా అంతకంటే చాలా ఎక్కువ ఉండాలి. గుంటలో స్ప్రింగు అణిగినప్పుడు అది ఇంకా తగ్గుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండిలో ముందు, వెనక వ్యాసాలు ఒకటే ఉండాలి. ముందుకు ఒక సైజు, వెనక్కు ఒక సైజు వేస్తే రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది.

కాబట్టి కొనాల్సింది ఆరు కాదు, ఏడు. పాత సైజు స్టెప్నీని జంటలో పక్కన పెడితే పెద్ద టైరే బరువంతా మోస్తుంది, చిన్నది నేలను జారుతూ అరుగుతుంది. ఏడో టైరు బెడ్డు కింద ఉన్న స్టెప్నీ గూట్లో పడుతుందో లేదో కూడా కొలిచి చూసుకోవాలి. ఒక టైరు పంక్చరైతే రెండోదాని మీద ఇల్లు చేరుకోవచ్చని కొందరు అనుకుంటారు. నా అంకెలతోనే చూడండి: ఆ ఒక్క టైరు మీద 4,230 పౌండ్లు పడతాయి, దాని ఒంటరి సామర్థ్యం 3,195.

జతలు కుదర్చడం

ఒకే బ్రాండు, ఒకే నమూనా టైర్లు అయినా అచ్చంగా ఒకేలా ఉండవు. పక్కగోడ మీద డీఓటీ అక్షరాల చివర ఉండే నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2423 అంటే 2023లో 24వ వారం. ఏడూ దగ్గరి తేదీలవే ఉండేలా అడగాలి. రిమ్ములకు ఎక్కించి, ఒకే ఒత్తిడి వరకు గాలి నింపాక, సన్నని ఉక్కు టేపుతో ట్రెడ్ నడుమ చుట్టుకొలత తీసుకుని సుద్దతో ప్రతి టైరు మీదా రాయాలి. ఈ సైజు టైర్లలో ఒక జంట మధ్య చుట్టుకొలత తేడా ముప్పావు అంగుళం, అంటే వ్యాసంలో పావు అంగుళం దాటకూడదు. కొద్ది తేడా ఉన్న జతలో పెద్దదాన్ని బయటికి వేస్తారు, రోడ్డు అంచు వైపు వాలి ఉంటుంది కాబట్టి.

బిగించడం

చదునైన కాంక్రీటు మీద, ట్రైలరు విప్పేసి, చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, జాకీ ఎత్తాక తప్పనిసరిగా స్టాండ్లు పెట్టి పని మొదలుపెట్టాలి. లోపలి రిమ్ము ఆనే హబ్బు ముఖం, రెండు రిమ్ములు ఒకదాన్నొకటి తాకే ముఖాలు, ఈ మూడింటినీ వైరు బ్రష్షుతో తుప్పు పోయేదాకా రుద్దాలి. అక్కడ కొత్తగా వేసిన పెయింటు గానీ గ్రీజు గానీ ఉండకూడదు. మందంగా ఉన్న పెయింటు పొర కొన్ని రోజులకు నలిగి పలుచబడుతుంది, అప్పుడు ఎవరూ విప్పకుండానే నట్లు వదులవుతాయి.

లోపలి చక్రాన్ని ఎక్కించి, దాని వాల్వు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, బయటి చక్రం వాల్వు సరిగ్గా దానికి ఎదురు దిక్కున వచ్చేలా అమర్చాలి. అలా అయితేనే బయటి రిమ్ము కన్నంలోంచి లోపలి టైరుకు గాలి కొట్టడం వీలవుతుంది. పెట్రోలు బంకులో వానలో వంగి లోపలి వాల్వు కోసం తడుముకున్నవారికి ఈ వాక్యం విలువ తెలుసు. రబ్బరు వాల్వుల బదులు లోహపు వాల్వులు వేయించుకుంటే పొడిగింపు గొట్టాలు బరువుకు ఊగి కారడం తగ్గుతుంది.

ఎఫ్-350 నట్టు రెండు ముక్కలది, దాని అడుగున విడిగా తిరిగే వాషరు ఉంటుంది. నట్టుకూ వాషరుకూ మధ్య ఒకే ఒక్క చుక్క ఇంజిన్ ఆయిల్ వేసి, వాషరు వేలితో సులువుగా తిరుగుతోందో లేదో చూడాలి. స్టడ్డు మరల మీద మాత్రం ఆయిల్ పడకూడదు. అక్కడ ఆయిల్ ఉంటే అదే టార్కుకు, అంటే అదే బిగింపు బలానికి, స్టడ్డు ఎక్కువగా సాగిపోతుంది. నట్లను మొదట చేత్తో ఎక్కించి, నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగిస్తూ చివరికి టార్కు రెంచితో 165 ఫుట్ పౌండ్లకు తేవాలి. షెవ్రొలే డ్యూలీకి ఇది 140. ఎయిర్ గన్నుతో చివరిదాకా బిగించే దుకాణంలో రెంచి చేతికిచ్చి మరోసారి చూడమని అడగడానికి మొహమాటపడకూడదు. జంట చక్రాల నట్లు సర్దుకోవడానికి సమయం తీసుకుంటాయి కాబట్టి 100 మైళ్లకు ఒకసారి, 500 మైళ్లకు ఇంకోసారి అదే టార్కుకు మళ్లీ చూడాలి.

గాలి విషయంలో తలుపు మీది అంకెలే మొదలు. కొత్త సైజుకు తయారీదారు ఇచ్చే బరువు-ఒత్తిడి పట్టికలో మీ కాటా చీటీ అంకెలు చూసి, తలుపు మీద రాసినదానికి తగ్గకుండా, పక్కగోడ మీది గరిష్ఠానికి మించకుండా, చల్లగా ఉన్నప్పుడు నింపాలి. ఒక జంటలోని రెండు టైర్ల మధ్య 5 పీఎస్‌ఐ కంటే ఎక్కువ తేడా రానివ్వకూడదు. టైరు ఒత్తిడి హెచ్చరికను తప్పనిసరి చేసిన అమెరికా సమాఖ్య నిబంధన జంట చక్రాల బండ్లను మినహాయించింది, అందువల్ల పాత డ్యూలీల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. విడిగా దొరికే ఆరు సెన్సార్ల సెట్టు నేను వేయించుకున్నాను. మన విజయవాడ లారీల క్లీనర్లు ఇనుప కడ్డీతో లోపలి టైరును కొట్టి, చప్పుడు విని గాలి ఉందో లేదో చెప్పేవారు. ఆ విద్య పూర్తిగా దిగిపోయిన టైరును పట్టిస్తుంది గానీ 15 పీఎస్‌ఐ తగ్గిన టైరును పట్టించదు.

స్పీడోమీటరు, గేర్లు, బ్రేకులు

చక్రం 5 శాతం పెద్దదైనప్పుడు బండి మీటరు చూపేదానికంటే 5 శాతం వేగంగా పోతుంది. మీటరు 60 అంటే నిజంగా 63, 65 అంటే 68 పైన. ట్రైలరుకు వేసే ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) రకం టైర్లలో కొన్ని 65 మైళ్ల వేగానికే తయారైనవి, కాబట్టి ఈ తప్పును జరిమానా కోణంలో మాత్రమే చూడకూడదు. డీలరు దగ్గర గానీ, ఫోర్డ్ బండ్లకు ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేరుతో గానీ టైరు చుట్టుకొలత అంకెను మార్చవచ్చు. వ్యాసాన్ని పై (3.1416)తో గుణిస్తే 2,638 మిల్లీమీటర్లు వస్తుంది కానీ, బరువుకు అణిగిన టైరు ఒక చుట్టుకు అంత దూరం పోదు. టైరు మీదా నేల మీదా సుద్ద గీత గీసి, బండిని ఐదు చుట్లు తిన్నగా నడిపి, నేల మీది దూరాన్ని టేపుతో కొలిచి ఐదుతో భాగించాలి. తర్వాత ఫోన్ జీపీఎస్‌తో సరిచూసుకుంటే చాలు.

గేర్ల సంగతి మీ వెనక ఇరుసు నిష్పత్తిని, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకెను బట్టి ఉంటుంది. 4.10 ఉన్న బండి ఈ టైర్లతో 3.90 ఉన్న బండిలా లాగుతుంది. తేడా తెలుస్తుంది గానీ ఇబ్బంది పెట్టదు, 2020 నుంచి వస్తున్న పది గేర్ల ట్రాన్స్‌మిషన్‌లో అసలు తెలియకపోవచ్చు. 3.55 ఉన్న బండి మాత్రం 3.38కి పడిపోతుంది. బరువుతో బయలుదేరేటప్పుడూ ఎత్తు ఎక్కేటప్పుడూ ట్రాన్స్‌మిషన్ వేడి పెరుగుతుంది. ఆ బండితో 12,000 పౌండ్లు లాగేవారు మొదట ఇరుసుల గేర్లు మార్పించుకోవాలి, లేకపోతే పాత సైజులోనే ఉండడం నయమని నా అభిప్రాయం. కొలరాడో వెళ్లేటప్పుడు 7,834 అడుగుల రేటన్ పాస్ ఎక్కడం కంటే దిగడమే పరీక్ష. ఇంజిన్ బ్రేకు పట్టు కూడా అదే 5 శాతం తగ్గుతుంది, కాబట్టి ఒక గేరు ముందుగానే దించుకోవాలి. ట్రైలరు బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలో నిర్ణయించే కంట్రోలరు గెయిన్‌ను ఖాళీ పార్కింగ్ స్థలంలో మళ్లీ సరిచేసుకోవాలి.

బండి 20 మిల్లీమీటర్లు లేచింది కాబట్టి ట్రైలరు ముక్కు కూడా అంతే లేస్తుంది. గూస్‌నెక్ అయితే కప్లరు గొట్టాన్ని ఒక కన్నం పైకి జరిపి, ముక్కు దించి ట్రైలరును మళ్లీ సమతలానికి తేవాలి. అలా దించితే ట్రైలరు కింది అంచు బెడ్డుకు దగ్గరవుతుంది.

మొదటి 500 మైళ్లు

మొదటి 25 మైళ్లకు, తర్వాత ప్రతి ఆగిన చోటా టార్చిలైటు వేసి జంట సందులోకి చూడాలి. వెతకాల్సినవి మూడు: అక్షరాలు చెరిగిన నున్నని పట్టీ, రిమ్ము మీద నల్ల పొడి, మధ్యలో ఇరుక్కున్న రాయి. సందు ఇరుకైన కొద్దీ రాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటాయి, గుడ్డు సైజు కంకర రాయి ఒకటి చాలు, కొన్ని మైళ్లలో రెండు పక్కగోడలనూ కోసేస్తుంది. కంకర దారి నుంచి తారు రోడ్డు ఎక్కే ముందు ఆగి, పొడవాటి కర్రతో దాన్ని తోసేయడం అలవాటు చేసుకోవాలి. దూరం నుంచి వేడి చూపే చిన్న థర్మామీటరు ఉంటే ప్రతి టైరు పక్కగోడ మీద చూసి రాసుకోవాలి. లోపలిది బయటిదానికంటే కొంత వేడిగా ఉండడం మామూలే. ఒక జంటలో మాత్రమే ఆ తేడా మిగతా జంటకంటే చాలా పెరిగితే, చల్లారాక మొదట గాలి చూడాలి, గాలి సరిగా ఉంటే నట్ల టార్కు చూడాలి, అది కూడా సరిగా ఉంటే ట్రైలరు విప్పకుండానే బంకమట్టి ముద్ద తీసుకుని సందు మళ్లీ కొలవాలి.